కావలి మనిషి గొంతు

కోటు బరువుగా ఉంది. ఎవరి ఒంటికో కొలిచి కుట్టింది, భుజాల దగ్గర వెడల్పు, చేతులు వేళ్ళ దాకా జారి వస్తున్నాయి, కలరా ఉండల వాసన, దాని కింద ఇంకెవరిదో పాత చెమట వాసన, పోయినసారి ఇదే కోటు వేసుకుని ఇదే కావలి మనిషిగా నిలబడిన వాళ్ళది కాబోలు, వాళ్ళకీ భయం వేసిందో లేదో, వేసే ఉంటుంది, లేకపోతే ఇంత చెమట ఎందుకు పడుతుంది అనుకుంది ఆమె, మూతపడిన నూలు మిల్లులో ఒకప్పుడు గుమస్తాలు కూర్చున్న గదిలో, అంచు పగిలిన అద్దం ముందు, స్టూలు మీద కూర్చుని. చేతి గడియారం లేదు. అందరి గడియారాలూ ఫోన్లూ తీసుకుని అట్టపెట్టెలో వేసి తాళం పెట్టారు, ఆటలోని ఊళ్ళో, ఆ కాలంలో అవి ఉండవట. పదిన్నరకి గంట కొడతారు. గంట మోగాక తను తను కాదు, కొండ మీది కోటకి కావలి మనిషి. ఇప్పుడెంతయిందో. పది దాటి ఉంటుంది. లేచి వెళ్ళిపోతే? ఈ గది దాటితే వసారా, వసారా దాటితే మిల్లు ఆవరణ, ఆవరణ దాటితే గేటు, గేటు బయట బస్సు ఆగే చోటు, మొత్తం కలిపి మూడు వందల అడుగులు ఉండవు. కడుపులో నొప్పి అంటే ఎవరూ కాదనరు. కానీ ఆ మాటైనా నోటితోనే కదా చెప్పాలి.

దీన్ని లార్ప్ అంటారు పిన్నీ, అని చెప్పింది అక్క కూతురు, మూడు వారాల కిందట, సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చుని. నాటకం కాదు, చూసేవాళ్ళెవరూ ఉండరు, రాసిచ్చిన మాటలుండవు, వేషం వేసుకుని ఆ మనిషిగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా బతకడమే, మా ఆఫీసు వాళ్ళు చాలామంది ఆడతారు, ఈసారి ఒక మనిషి తగ్గారు, నువ్వు రాకూడదూ. ఆమె బట్టలు మడతపెడుతోంది. చెయ్యి ఆగింది. ఏమనాలా అని ఇంకా అనుకోనైనా లేదు, ఈలోపే ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "పిన్ని రాదులేమ్మా, గొంతు బాలేదు కదా, నలుగురిలో ఎందుకు ఇబ్బంది" అన్నాడు. మంచిగానే అన్నాడు. ఆయన ఏదన్నా మంచిగానే అంటాడు, అందుకే ఎదురు చెప్పడానికి చోటు దొరకదు. బస్సు డిపోలో టైమ్ కీపరు, వచ్చే బస్సూ పోయే బస్సూ రాసుకునే మనిషి, రెండేళ్ళుగా ఆమె నోటి దగ్గర కూడా కాపలా కూర్చున్నాడు. షాపులో ఆమె చీర అంచు పట్టుకుంటే చాలు, ఆవిడకి వేరే రంగు కావాలట అంటాడు. ఫోన్ మోగితే పరిగెత్తుకొచ్చి తీస్తాడు. పెళ్ళిలో ఎవరైనా పలకరిస్తే ముందే చెప్పేస్తాడు, గొంతు బాలేదు లెండి, ఏమనుకోకండి. అవతలి వాళ్ళు అయ్యో అంటారు, ఆమె నవ్వుతుంది, ఇంటికొచ్చేసరికి నవ్వి నవ్వి బుగ్గలు నొప్పి పుడతాయి. ఆ సాయంత్రం అక్క కూతురు సరేలే బాబాయ్ అని వెళ్ళిపోయింది. ఆమె బట్టలన్నీ మడతపెట్టి బీరువాలో సర్ది, తలుపు వేసి, బీరువా వైపే తిరిగి నిలబడి ఫోన్లో కొట్టింది. వస్తాను. ఒక్క మాట. ఆయనకి చెప్పలేదు. ఈ పొద్దున కూడా చెప్పలేదు, డ్యూటీ ఉందంది, ఆదివారమా అన్నాడు, తలూపింది. మాట్లాడని మనిషికి అబద్ధం ఎంత తేలికో, తల ఒక్కసారి ఊపితే సరి.

రేడియో పిన్ని అనేవాళ్ళు ఒకప్పుడు. అక్క పిల్లలు పెట్టిన పేరే, తర్వాత పెద్దవాళ్ళకీ అదే అలవాటయింది, రేడియో వచ్చింది ఇక ఎవరికీ వార్తలు అక్కర్లేదు అని బావగారు గుమ్మంలోనే ఏడిపించేవాడు. నిజమే, ఆమె ఆపేది కాదు. మెట్ల మీద మొదలుపెట్టిన కథ వంటింట్లోకి, వంటింట్లోంచి డాబా మీదికి, పిల్లలు వెంట పడి తర్వాతేమైంది పిన్నీ తర్వాతేమైంది అంటూ. ఆ తర్వాత గొంతులో గడ్డ, చింతగింజంత ఉన్నది నిమ్మకాయంత అయింది, తీయకపోతే ప్రమాదం అన్నారు, తీశారు, తీసేటప్పుడు గొంతు నరం ఒకటి దెబ్బతింది. పెద్ద డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ప్రాణానికి ఢోకా లేదమ్మా, గొంతు కాస్త మారుతుందంతే అన్నాడు. కాస్త. మొదటిసారి కళ్ళు తెరిచి నీళ్ళు అడిగినప్పుడు గదిలో ఎవరో మగమనిషి ఉన్నాడనుకుని ఆమే తల తిప్పి చూసింది. బొంగురు, మధ్యలో చిరుగు, పైకి లేపబోతే రెండుగా చీలిపోయే గొంతు. గొంతుకి కసరత్తులు చేయించే అమ్మాయి దగ్గరకి ఆరు వారాలు వెళ్ళింది, ఆ, ఈ, ఊ, గోడ వైపు తిరిగి అంటూంటే పక్క గదిలో కుర్చీలు కదిలిన చప్పుడు ఆగిపోయేది, వింటున్నారని తెలిసేది, మానేసింది. ఇంటికి ఫోన్ చేసిన వాళ్ళు సార్, మేడమ్ ఉన్నారా అనేవాళ్ళు. ఉన్నారు అని పెట్టేసేది. ఎవరు పెట్టిన పేరు వాళ్ళే మర్చిపోయారు, రేడియో అన్న మాట ఎవరి నోటా మళ్ళీ రాలేదు, పిల్లలు వట్టి పిన్నీ అనడం మొదలుపెట్టారు, ఎవరు ఎవరికి చెప్పారో, అందరూ ఒక్కసారే మానేశారు.

ఆసుపత్రిలో, ఎక్స్‌రే గదిలో, తన పని మాత్రం నడిచిపోయింది. అక్కడ మాటలు నాలుగే. గట్టిగా ఊపిరి పీల్చండి, బిగపట్టండి, కదలకండి, వదలండి. రెండో షిఫ్టులో చేసే అమ్మాయి చేత అవి ఫోన్లో రికార్డు చేయించుకుంది, అద్దం వెనక నుంచి నొక్కితే తేనెలాంటి గొంతు పలికేది. ఒక ముసలాయన బటన్లు పెట్టుకుంటూ ఇటూ అటూ చూసి ఆ మాట్లాడిన అమ్మాయి ఏదమ్మా, చల్లగా ఉండమని చెప్పు అన్నాడు. చెప్తానన్నట్టు తలూపింది. ఒక్కరోజు మాత్రం ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. చెయ్యి విరిగిన ఏడేళ్ళ పాప, బల్ల మీద చెయ్యి పెట్టి బెదురుగా చూస్తోంది, కదలకమ్మా అంది ఆమె, అనక తప్పలేదు. పాప ఏడుపు ఆపి, ఎంతో ఆసక్తిగా, అమ్మా ఈ ఆంటీ లోపల తాతయ్య ఉన్నాడా అని అడిగింది. ఆమెకి నవ్వొచ్చింది. నిజంగా నవ్వొచ్చింది, ఉన్నాడు అని చెప్పబోయింది, తాతయ్యకి నీ చెయ్యి చూపించు అనబోయింది. ఈలోపే ఆ తల్లి పాప బాగున్న చేతి మీద చురుక్కున ఒక దెబ్బ వేసి, సారీ అండీ, సారీ, చిన్నపిల్ల అంది, ముఖం ఎర్రబడిపోయి. పాప మళ్ళీ ఏడుపు. ఆ దెబ్బ ఇప్పటికీ వినిపిస్తుంది. పాప మాట బాధపెట్టలేదు, ఆ దెబ్బే పెట్టింది, అడగకూడని వస్తువు ఏదో తన మెడలో ఉందని ఆ రోజే తేలిపోయింది.

తలుపు తోసుకుని మేకప్ పెట్టే అమ్మాయి వచ్చింది, చేతిలో రంగుల డబ్బా, నడుముకి బ్రష్షులు. ఆమె చెయ్యి తనంతట తనే మెడ దగ్గరికి పోయింది. స్కార్ఫ్ ఉంది. బూడిదరంగుది, రెండేళ్ళుగా అది లేకుండా గడప దాటలేదు. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "స్కార్ఫ్ కుదరదండీ, ఈ కోటుకి మెడ తెరిచే ఉండాలి, తీసేయండి." తీయనని చెప్పడానికి ఒక మాట చాలు, ఆ ఒక్క మాట అనేలోపే అమ్మాయి వేళ్ళు ముడి విప్పేశాయి. గాలి తగిలింది. మెడ కింద రెండు ఎముకల మధ్య అడ్డంగా నాలుగంగుళాల గీత, గులాబీ రంగులో, మెరుస్తూ. అద్దంలో ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. అమ్మాయి వంగి, కళ్ళు చికిలించి, "అబ్బ, ఎవరు వేశారండీ మచ్చ, చాలా బాగా వచ్చింది, నిజం దానిలా ఉంది, నేను ముట్టుకోను" అని, బుగ్గల మీద ఇంత మసి పూసి, పక్కగదిలో ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. ఆమె అలాగే కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ గొంతుతో చేసే పనులే. స్కార్ఫ్ ఏదని చూస్తే అదీ పెట్టెలోకి పోయింది కాబోలు, కనిపించలేదు.

ఆట నడిపించే ఆయన్ని అందరూ సూత్రధారి అంటారు. మామూలు రోజుల్లో కాలేజీలో భూగోళం చెప్తాడట, బక్కపలచని మనిషి, మోకాళ్ళ దాకా బురద. గుమ్మంలో నిలబడి ఒక గుడ్డసంచీ ఆమె చేతిలో పెట్టాడు. లోపల చెక్క బిళ్ళలు, పన్నెండు. "కింద లోయలో వరద. ముప్పైమంది ఎక్కి వస్తారు. లోపల తిండి పన్నెండుమందికే ఉంది. ఎవరికి బిళ్ళ ఇస్తే వాళ్ళు లోపలికి. పన్నెండూ అయిపోతే అడ్డగడియ దించేయాలి. ఎవరికి ఇవ్వాలన్నది పూర్తిగా మీ ఇష్టం, మేమెవరం చెప్పం." ఆగి, ఆమె ముఖం చూసి, "మాట్లాడాలి మరి, అక్కడ మీరు ఒక్కరే, మీ తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరు" అన్నాడు. తెలిసి అన్నాడా? ఎవరు చెప్పారు? ఆయన వెనక నుంచి అక్క కూతురు తొంగి చూసింది, నెత్తికి గుడ్డ, భుజాన తెడ్డు, పడవ నడిపే మనిషట తను. "పిన్నీ, భలే ఉన్నావు. నాకో బిళ్ళ పక్కన పెట్టుకో, సరేనా, బయట కూర్చుంటే సాయంత్రం దాకా బోరు కొట్టి చస్తాను." కన్ను కొట్టి పోయింది. ఆమె బిళ్ళలు లెక్కపెట్టింది. పదకొండు, పన్నెండు. ఒకటి విడిగా తీసి కోటు జేబులో వేసుకుంది, దాని కోసం. దానికి కాకపోతే ఇంకెవరికి ఇస్తుంది, ఆరేళ్ళప్పుడు జ్వరమొస్తే మూడు రాత్రులు తన ఒళ్ళోనే పడుకుంది, అమ్మ దగ్గరికి పోనంది.

గంట మోగింది.

మిల్లు వెనక గోదాముకి రెండు రెక్కల పెద్ద చెక్క తలుపు, ఒక రెక్క మూసి ఉంది, ఒక రెక్క తెరిచి ఉంది, ఆ తెరిచిన సందులో ఆమె. ఎదురుగా ఎండలో పాత సరుకుల దారి, దాని మీద ముప్పైమంది వస్తున్నారు. తడిపిన బట్టలు, మూటలు, ఒకాయన భుజం మీద గుడ్డలతో చేసిన బిడ్డ, ఎవరో నిజంగానే కుంటుతున్నారు, నటనో నిజమో, ఎవరూ నవ్వడం లేదు, ఒక్కరూ నవ్వడం లేదు, అది మరీ భయంగా ఉంది, నవ్వి ఉంటే తనూ నవ్వి చేతులెత్తేసేది. నలభై అడుగులు. ముప్పై. ఆపాలి. ఆగండి అనాలి, అదే తన మొదటి మాట, స్నానాల గదిలో నీళ్ళు వదిలి ఆ చప్పుడులో మూడు వారాలు అన్న మాట. నోరు తెరిచింది. గాలి వచ్చింది, గొంతు రాలేదు. ఇరవై. ముందున్న వాడు ఆమె ముఖంలోకి చూస్తున్నాడు, నిజమైన ఆకలితో చూస్తున్నాడు, అరికాళ్ళు చెమటకి బూట్లలో జారుతున్నాయి, ఇప్పుడు ఆయన ఉంటే బాగుండు, ఆవిడకి గొంతు బాలేదండీ ఆగండి అని ఆయన అంటే అందరూ ఆగుదురు, ఛీ, ఆ ఊహ రావడమేంటి, పది అడుగులు, వాళ్ళు తనని తోసుకుని పోతే ఆట ఇక్కడే ముగిసిపోతుంది, ముప్పైమంది ఆదివారం పాడవుతుంది, కడుపులోంచి ఏదో తన్నుకొచ్చింది.

"ఆగండి."

చీలింది. పైన ఒక గొంతు, కింద ఒక గొంతు, గోదాము రేకుల కప్పుకి తగిలి రెండూ తిరిగొచ్చాయి. ముప్పైమంది ఆగిపోయారు. ముందున్న వాడి కాలు లేచింది లేచినట్టే ఆగింది. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు, ఆమె ఒక్కొక్కళ్ళనే పిలవక తప్పలేదు, నువ్వు రా, నీకేం పని వచ్చు, ఎంతమంది మీరు, అబద్ధం చెప్పకు. గొంతు ఎక్కడ పడితే అక్కడ తెగుతోంది, తెగిన చోట ఆగి, మళ్ళీ అందుకుంటోంది. కమ్మరికి ఇచ్చింది. బిడ్డ మూట ఉన్నాయనకి ఇచ్చింది, అతని పెళ్ళానికి ఇవ్వలేకపోయింది, ఎందుకంటే వైద్యురాలు కావాలి, ఆ పెళ్ళాం పక్కకి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుంది, ఆమె అటు చూడకుండా తర్వాతి మనిషిని పిలిచింది. ధాన్యం దాచిన చోటు చెప్తానన్న వాడికి ఇవ్వలేదు. ఇద్దరు అన్నదమ్ములు మీలో ఎవరు అంటే ఒకరినొకరు తోసుకున్నారు, ఇద్దరికీ ఇచ్చింది. సంచీ తేలికవుతోంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది, ఎంతసేపయిందో తెలియదు, మెడ మీద మచ్చ ఉందన్న సంగతి ఎప్పుడు మర్చిపోయిందో తెలియదు. పదకొండో బిళ్ళ కూడా పోయింది. చెయ్యి జేబు మీదికి వెళ్ళింది.

అప్పుడు వచ్చింది ఆ ముసలావిడ. పొద్దున టీ దగ్గర ఒకసారి కనిపించింది, పొడుగ్గా, డెబ్బై దగ్గర ఉంటాయేమో, ఎవరో ఏమిటో ఆమెకి తెలియదు. చేతిలో ఏమీ లేదు, మూట లేదు, కర్ర లేదు. బిళ్ళ అడగలేదు. దగ్గరికొచ్చి, తల పక్కకి వంచి, ఆమె మెడ వైపు తేరిపార చూసి, మామూలుగా, పక్కింటావిడ అడిగినట్టు అడిగింది.

"ఏం గొంతమ్మా అది? ఎవరు కోశారు?"

రెండేళ్ళు. రెండేళ్ళలో ఎవరూ అడగలేదు. చూపు తిప్పుకున్నారు, అయ్యో అన్నారు, చిన్నపిల్లని కొట్టారు, పేరు మానేశారు, ఒక్కరంటే ఒక్కరు ఏమైంది అని అడగలేదు, ఇప్పుడు ఈ అడిగింది ముసలావిడా, ఆవిడ వేసిన వేషమా, ఏదైతేనేం, అడిగింది, ఎదురు చూస్తోంది, తొందర లేనట్టు. ఆమె నోట్లో జవాబు కదిలింది, ఇంకా మాట కాలేదు, ఈలోపు పక్క నుంచి తెడ్డు కింద పెట్టిన చప్పుడు, అక్క కూతురు చొరవగా ముందుకొచ్చి, ముసలావిడ చెవి దగ్గర, వేషంలోంచి కాదు, తన సొంత గొంతుతో, మర్యాదగా, మెల్లగా అంది.

"ఆవిడకి నిజంగానే గొంతు బాలేదండీ. ఆపరేషన్ అయింది. ఎక్కువ మాట్లాడించకండి, ప్లీజ్."

అని ఆమె వైపు తిరిగి, చెయ్యి చాపింది. "పిన్నీ, ఇక ఇచ్చేయ్ నాకు."

అదే వాక్యం. అదే మెత్తదనం. ఆయన దగ్గర నేర్చుకుందా, లేక లోకం మొత్తానికీ ఆ వాక్యం ముందే నోటికి వచ్చా? ఆమెకి కోపం వచ్చింది, ఎంత కోపమంటే మోకాళ్ళు గట్టిపడ్డాయి. దీనికి జ్వరమొచ్చినప్పుడు చెప్పిన కథలు, తెల్లవార్లూ చెప్పిన కథలు, ఈ గొంతు కాదు, ఆ గొంతు, కానీ చెప్పింది ఎవరు, తనే కదా. వేళ్ళు జేబులో బిళ్ళని పట్టుకున్నాయి. దాని చెయ్యి ఇంకా చాచే ఉంది, అరచేతిలో తెడ్డు పట్టుకున్న ఎర్ర గీత.

"నా గొంతు సంగతి నేను చెప్తాను" అంది ఆమె. పిల్ల చెయ్యి కొంచెం కిందికి వాలింది. ముసలావిడ వైపు తిరిగి, "కోయించుకున్నాను. బతుకుదామని" అంది. మధ్యలో గొంతు విరిగింది. మళ్ళీ అంది, మొదటినుంచీ, "బతుకుదామని కోయించుకున్నాను. బాగా లేదని నాకు తెలుసు. అయినా వాడతాను."

ముసలావిడ తలూపింది, సంతలో బేరం కుదిరినట్టు. "వాడు మరి, ఎవరి కోసం దాస్తావు" అంది.

ఆమె జేబులోంచి బిళ్ళ తీసి ముసలావిడ చేతిలో పెట్టింది.

అక్క కూతురు ముఖం చూడకుండా ఉండాలనుకుంది, చూసింది. ముందు నవ్వు, ఆటపట్టిస్తోందనుకుని; తర్వాత నవ్వు ఆగడం; తర్వాత ఏదో అర్థమవుతున్నట్టు కళ్ళు వెడల్పవడం. "పిన్నీ" అంది. "పిన్నీ, నేను." ముసలావిడ ఆమెని దాటుకుని లోపలికి వెళ్ళింది. బయట పదిహేడు పద్దెనిమిదిమంది, గోడకి ఆనుకుని కూర్చున్న ఆవిడ కూడా లేచి నిలబడింది, అందరూ చూస్తున్నారు, తలుపు రెక్క బరువుగా ఉంది, రెండు చేతులతో లాగితే తప్ప కదలలేదు.

"ఇక్కడ పిన్ని ఎవరూ లేరు" అంది ఆమె, సందు ఇంత మిగిలి ఉండగా. "వెనక్కి జరుగు, చెయ్యి నలుగుతుంది."

అడ్డగడియ పడిన చప్పుడుకి కప్పు మీద పావురాలు లేచాయి. లోపల చీకటి, దుమ్ము, పన్నెండుమంది ఊపిరి. ఆమె తలుపుకి నుదురు ఆనించి నిలబడింది. ఏం చేసింది తను? రేపు అక్క ఫోన్ చేస్తుంది. సాయంత్రం ఇంటికెళ్ళాక ఆయనకి చెప్పాలి, ఎక్కడికెళ్ళావు అంటే తలూపడం కుదరదు, కూర్చోబెట్టి చెప్పాలి, డ్యూటీ అన్న అబద్ధం దగ్గర మొదలుపెట్టి అంతా, ఫోన్ మోగితే పరిగెత్తుకు రావద్దనేదాకా, ఆయన నొచ్చుకుంటాడు, నీ మంచికే కదా అంటాడు, అన్నా చెప్పాలి. చెక్క సందులోంచి అటువైపు ఎవరో దగ్గరికొచ్చిన నీడ. చిన్నగా గొంతు.

"పిన్నీ. నేను అలా చెప్పకుండా ఉండాల్సింది."

ఆమె కళ్ళు మూసుకుంది. చెప్పాల్సినవి చాలా వచ్చాయి నాలిక మీదికి, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

"ఆట అయ్యాక మాట్లాడుకుందాం" అంది సందులోకి. "ఇప్పుడు నువ్వు వరదలో ఉన్నావు. ఏడువు. గట్టిగా ఏడువు, లోపలికి వినపడాలి."

తర్వాత అటువైపు నుంచి తలుపు మీద పిడికిలి పడింది, ఒకసారి, రెండుసార్లు, ఆపైన ఒక పెద్ద ఏడుపు, రాతిగుండె దానా, నీకు పిల్లలుంటే తెలిసేది అంటూ, చుట్టూ ఉన్న పదిహేడుమందీ దానికి గొంతు కలిపారు. ఆ పిల్లలుంటే అన్న మాట పిల్లలు లేని ఆమెకి ఎక్కడో తగిలింది, ఆటలో అన్నదో నిజంగా అన్నదో అడిగి తెలుసుకోవాలి, సాయంత్రం, అన్నీ సాయంత్రం. ఇటు తిరిగింది. పన్నెండు ముఖాలు ఆమె వైపే ఉన్నాయి, కమ్మరి, వైద్యురాలు, బిడ్డ మూటని గుండెకి హత్తుకుని పెళ్ళాం ఏడుపు వింటున్న మనిషి, బిళ్ళని నడుము దగ్గర దోపుకుంటున్న ముసలావిడ. తిండి ఎక్కడుంది, పడుకునేది ఎక్కడ, బీటలు వారిన పడమటి గోడ దగ్గరికి ఎవరూ ఎందుకు పోకూడదు, అన్నీ వీళ్ళకి తనే చెప్పాలి. బయటి ఏడుపు మీదుగా వినపడేట్టు చెప్పాలి. ఆమె కోటు చేతులు మోచేతుల దాకా మడిచి, ఒక బస్తా మీదికెక్కి నిలబడి, మొదలుపెట్టింది. రెండో మాట దగ్గరే గొంతు చీలింది. ఆమె ఆగలేదు.